సామాన్ కాదు బాపమ్మా, సామ్నా!

మా చిన్నప్పుడు... ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం, బడి నుంచి చీటీ పట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చాను. ఖోఖో జట్టులో నా పేరు వచ్చింది! పుణె వెళ్లి ఆడాలి. ఇంట్లో పెద్దవాళ్ల సంతకం ఒక్కటే కావాలి... అంతే.

అంతే అనుకున్నాను నేను. ఇంట్లో బాపమ్మ ఉన్న సంగతి ఆ సంబరంలో గుర్తు రాలేదు.

బాపమ్మ అంటే మా బాపు వాళ్ల అమ్మ. సిరిసిల్ల నుంచి మహారాష్ట్రలోని భివండికి వచ్చి ఇరవై ఏళ్లయినా మరాఠీ ముక్క రాదు. రాదని మాత్రం చచ్చినా ఒప్పుకోదు! బాపు, అమ్మ పొద్దస్తమానం సాంచాల దగ్గరే... సాంచాలంటే కరెంటు మగ్గాలు. అందుకని ఇంట్లో ఏదైనా బాపమ్మ ఊ అంటేనే జరిగేది.

చీటీ మరాఠీలో ఉంది. గొప్పగా, గట్టిగా చదివి వినిపించాను. "పుణ్యాత్ తీన్ సామ్నే ఆహేత్." పుణెలో మూడు మ్యాచ్‌లు ఉన్నాయని అర్థం.

బియ్యం చెరుగుతున్న బాపమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏందీ? మూడు సామాన్లా? ఆడిపిల్లను పుణె దాక సామాన్లు మోయనీకి తోల్తరా? గదేం బడే!"

"సామాన్లు కాదు బాపమ్మా, సామ్నే! అంటే ఆట..."

"నాకు నేర్పకు. ఇరవై ఏండ్ల సంది ఆటోవోళ్లు అంటనే ఉన్నరు, సామాన్ సామాన్ అని. నాకెర్క లేదా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వినందుకు వీపు మీద ఒకటి పడింది కూడా...

సాంచాల షెడ్డు నుంచి వచ్చిన బాపు చీటీ చదివి, "ఆటనే అమ్మా" అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో మాట అన్నాడు. "గని అంత దూరం పోరి ఒక్కతె ఎట్ల పోతది? సాంచాలు ఇడ్సిపెట్టి మేం రాలేం. ఇంటోళ్లు ఒకరన్న ఎంట లేంది నేను పంప."

అన్నం ముట్టకుండా పడుకున్నాను.

మర్నాడు బాపమ్మ, బడివాళ్లనే అడుగుతానంటూ కొంగు బిగించి బయలుదేరింది. వెనకాల నేను, సిగ్గుతో చచ్చిపోతూ... మరాఠీ బడిలో టీచరమ్మను బాయి అంటారు. ఆటలు నేర్పే మా బాయి మైదానంలోనే ఉంది. ఇక చూడాలి... బాపమ్మ తెలుగులో, బాయి మరాఠీలో, మధ్యమధ్య హిందీలో, పావుగంట సేపు ఎడాపెడా వాదించుకున్నారు.

"సామాన్ నహీ ఆజీ, సామ్నా!" అని బాయి. ఆజీ అంటే అవ్వ.

"గదే గదా నేననేది!" అని బాపమ్మ.

చివరికి బాయి తల పట్టుకుని, బాపమ్మను గట్టు మీద కూర్చోబెట్టి విజిల్ ఊదింది. "హా బఘా సామ్నా" అంది. ఆటంటే ఇదీ, చూడు అని.

నా పుణె ప్రయాణం ఇక ఆ గట్టు మీద కూర్చున్న ముసలమ్మ చేతిలోనే ఉందని నాకు అర్థమైంది. ఒళ్లు దాచుకోకుండా ఆడాను. నాతో పాటు దిగిన ఇద్దరూ ఔటయ్యారు. వరసగా కూర్చున్న పిల్లల మధ్య నుంచి దూరుతూ నేనొక్కదాన్నే మిగిలాను. తరుముకొస్తున్న పొడుగుపిల్ల నా జడ అందుకోబోయింది. అంతలో గట్టు మీద నుంచి ఒక కేక...

"ఉరుకు బిడ్డా! ఉరుకు! ఎన్కకు సూడకు!"

విజిల్ పడేదాకా ఎవరికీ చిక్కలేదు నేను. బాపమ్మ వచ్చి నా మొహం కొంగుతో తుడిచింది. కోపంగా ఉందో, ఏడుస్తోందో తెలియలేదు.

"పుణెకు నీ ఎంట నేనొస్త. సామానంత నేను మోస్త. నువ్వు ఆడు."

బాపు ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. "అమ్మనే పోతనన్నంక ఇగ అద్దనెటందుకు నేనెవల్ని" అని నవ్వాడు.

భివండి వచ్చాక ఊరి పొలిమేర దాటని మనిషి, సకినాల డబ్బా, తొక్కు సీసా, రెండు దుప్పట్లతో ఎర్ర సర్కారు బస్సెక్కింది. జట్టులో మరాఠీ పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు, తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచేసరికి సకినాలు అయిపోయాయి. ఫైనల్ నాటికి జట్టు మొత్తం "ఉరుకు! ఉరుకు!" అని తెలుగులో అరుస్తోంది. అవతలి జట్టుకు అదేం మంత్రమో అంతుపట్టలేదు.

గెలిచాం! కప్పు గెలిచాం!

భివండిలో బస్సు దిగాక బాపమ్మ ఆ కప్పును ఎవరికీ ఇవ్వలేదు. చంకనెత్తుకుని గల్లీలో ఇంటింటికీ తిరిగింది. "సామ్నా గెల్చినం" అని మరాఠీ వాళ్లకు మరాఠీలోనే చెప్పింది. నేనూ ఆడానని మధ్యలో ఎవరో గుర్తు చేయాల్సి వచ్చింది!

ఇప్పుడు నా కూతురికి పదకొండేళ్లు. ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. ప్రతి ఆదివారం ఒక ఊరు... వసై, నాసిక్, పుణె. వారం రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. చదువు దెబ్బతింటుందేమో, పిల్ల అలిసిపోతుందేమో, ఓడితే తట్టుకోలేదేమో అని మా ఆయన భయం. ఆ భయాలు నాకూ ఉన్నాయి, లేవని ఎందుకు చెప్పాలి? కానీ వాదించలేదు. మొన్న ఆయన్ను తీసుకెళ్లి మైదానం పక్కన కూర్చోబెట్టాను.

గోల్ దగ్గర ఎవరో పిల్లను పడేశారు. అది లేచి, దుమ్మైనా దులుపుకోకుండా బంతి వెంట పరుగెత్తింది. ఈ పెద్దమనిషి గీత దాటి లోపలికి వెళ్లి సంబరంగా అరుస్తుంటే రెఫరీ బయటికి పంపాల్సి వచ్చింది. ఇంటికి రాగానే ఫోన్‌లో వచ్చిన ఫారం తనే నింపాడు.

ఇప్పుడు పిల్లల ఆటకు కోచ్ ఉన్నాడు, బూట్లు ఉన్నాయి, వాట్సాప్ గ్రూపు ఉంది... వద్దనే ముందు ఒక్కసారి వచ్చి చూసే ఓపికే తగ్గిపోయింది మనకు.

మిమ్మల్ని మొదటిసారి ఊరు దాటించి, పో, ఆడు అన్నది ఎవరు? వాళ్ల పేరు కింద రాయండి... నేనే మొదలుపెడుతున్నా.

మా బాపమ్మ పేరు లచ్చవ్వ.