వెర్లిన్ గారి పదకొండు నిమిషాలు

ఏడో ప్రయత్నంలో వెర్లిన్ టీడెమన్ ఎయిర్ ఫ్రయర్‌లోంచి ఫోర్కు అంచుతో తెగే పంది మాంసం ముక్క బయటికొచ్చింది. మొదటి ఆరింటినీ అతని కుక్క వాసన చూసి వదిలేసింది. ఆ ఏడోదాన్ని మొదట రుచి చూసింది నేనే. నేనంటే మాటలా! హార్లో క్రీక్ ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, కౌంటీ ఫెయిర్‌లో, అంటే జిల్లా సంతలో, ఉప్పులో ఊరేసిన పంది తొడకు మూడుసార్లు మొదటి బహుమతి నీలం రిబ్బను గెలిచినవాణ్ణి. ఆ రోజు తినబోతే వెర్లిన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఐదు నిమిషాలు ఆగరా. మాంసం అలసిపోయింది, విశ్రాంతి తీసుకోనీ."

వెర్లిన్‌కున్న పిచ్చి అదొక్కటే. చర్చి బుధవారం విందులకు వండటం మొదలెట్టాక ఆ ఐదు కాస్తా పదకొండయింది.

మా అమ్మలు పురుగుల భయంతో పంది మాంసాన్ని బూటు అట్టలా అయ్యేదాకా కాల్చేవాళ్లు. మేమూ అదే రుచనుకుని అరవై ఏళ్లు నమిలాం. వెర్లిన్ అలా కాదు. ముందురోజే ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచి, కాగితంతో తడి అద్ది, నూనె, మిరప్పొడి, బెల్లం రంగు చక్కెర రాసి ఎర్రగా కాలుస్తాడు. మాంసంలో గుచ్చిన థర్మామీటరు నూట నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ చూపగానే దించేస్తాడు. మిగతా ఐదు డిగ్రీలూ విశ్రాంతిలో అదే ఎక్కుతుందట.

మా చర్చిలో మాంసం కోసేదాకా ఎవరూ ఫోర్కెత్తరు. అందుకని నలభైమందిమి ప్లేట్లు చూసుకుంటూ కూర్చునేవాళ్లం. వంటింటి పెద్ద బెర్నీస్ ఆ వ్యవధిలో ఒక శీతాకాలానికి సరిపడా సాక్సులు అల్లేసింది.

"ఇంకెంతసేపయ్యా? అది పందా, పెళ్లికూతురా?" అనేదామె.

"ఇంకో నాలుగు నిమిషాలమ్మా."

అందరికంటే ఎక్కువ గొణిగేది ఓటో. తుంటి విరిగాక వాకర్ పట్టుకుని పార్కింగ్ నుంచి హాల్లోకి అంగుళమంగుళం నడిచొస్తాడు. చెయ్యందిస్తే కసురుతాడు. ఒకసారి పాస్టరు తనొచ్చేదాకా ప్రార్థన మొదలెట్టకుండా ఆగాడని తెలిసి, నెల్లాళ్లు విందుకు రాకుండా ఇంట్లో డబ్బా సూపు తాగాడు. అలాంటివాడు కుర్చీలో కూలబడగానే, "నేను వేళకే వచ్చాను. ఈ వెర్లిన్ గాడిదే ఆలస్యం!" అనేవాడు.

జనవరిలో నేనే తీర్మానం పెట్టాను: పంది మాంసం మానేసి ఓవెన్‌లో వండే పాత బీన్సు కాసరోల్‌కే పోదామని. వచ్చే బుధవారం విందులో చేతులెత్తి ఓటెయ్యాలి. వెర్లిన్ ముఖం చిన్నబోయిందిగాని ఒక్క నిమిషం తగ్గిస్తాననలేదు.

ఆ బుధవారం ఓటో జలుబుతో రాలేదు. వెర్లిన్ మాంసం దించాడు. గట్టిగా ఐదు నిమిషాలైనా కాలేదు, కత్తి తీశాడు.

"అదేంటి! ఇవాళ దానికి విశ్రాంతి అక్కర్లేదా?" అన్నాను.

"ఇవాళ అంత అలసిపోలేదులే," అని కోస్తూ, తలుపు దగ్గర ఓటో ఖాళీ కుర్చీ వైపు ఒక్కసారి చూశాడు.

నేను గడియారం చూశాను. పార్కింగ్ నుంచి ఆ కుర్చీ దాకా ఓటో వాకర్ నడకెంతో లెక్కేశాను: పదకొండు నిమిషాలు. బెర్నీస్ కూడా అల్లిక ఆపింది.

"మరి చేతులెత్తమంటారా?" అని పాస్టరు అడిగాడు.

"ఎందుకండీ? మాంసం బాగుంది, నోరు నిండా ఉంది," అన్నాను. తీర్మానం అక్కడితో సరి. ఓటోకు ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్య నెబ్రాస్కాలో వెర్లిన్ తమ్ముడి భార్య పోయింది. ఆ తమ్ముడికి గుడ్డు ఉడికించడం కూడా రాదు. వంట నేర్పడానికి వెర్లిన్ తన మూడు ఎయిర్ ఫ్రయర్లలో ఒకటి ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. మిగతా రెండూ, టైమరూ నాకప్పగించాడు.

నిన్న ఓటో కూర్చుంటూనే, నేనింకా కోయని మాంసం చూసి నా మీద పడ్డాడు. "నువ్వూ అంతేనా? వేళకొచ్చినవాడికి ఈ ఊళ్లో విలువ లేదురా! అసలా గాడిదెప్పుడొస్తాడు?"

"ఏప్రిల్ పదిహేను, బుధవారం," అన్నాను టైమరు చూస్తూ.