కమ్మీల మెహరున్నీసా

హిందూపురంలో మా వీధి చివర అల్తాఫ్ అనే కమ్మీల పనివాడు ఉండేవాడు. వంతెనలకు కాంక్రీటు పోసేముందు ఇనుప కమ్మీలను అడ్డంగా, నిలువుగా పరిచి, అవి కలిసిన ప్రతిచోటా సన్నటి తీగతో ముడి వేయడం అతని పని. తీగను మెలితిప్పే కొక్కెం అతని చేతిలో ఆడుతుంటే చూడముచ్చటగా ఉండేదట. తొంభై ఎనిమిదిలో ధర్మవరం దగ్గర ఒక వంతెన మీద కాలికింద పలక జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడి మణికట్టు మునుపటిలా తిరగలేదు. మణికట్టు తిరగనివాడికి ఆ పనిలో చోటు లేదు.

అతని భార్య మెహరున్నీసాకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఇద్దరు ఆడపిల్లలు. అల్తాఫ్ కొన్నాళ్లు నిమ్మకాయలు అమ్మాడు, కొన్నాళ్లు సైకిల్ షాపులో కూర్చున్నాడు. ఏదీ నిలవలేదు. తర్వాత కొన్నేళ్లకు పెనుకొండ దగ్గర బెంగళూరు రోడ్డు వెడల్పు చేసే పనులు మొదలైతే, మెహరున్నీసా మా వీధి చౌడక్కతో కలిసి పొద్దున్నే బస్సెక్కి వెళ్లి కాంక్రీటు తట్టలు మోయసాగింది.

తట్ట దించిన ప్రతిసారీ ఆమె చూపు కమ్మీలు కట్టేవాళ్ల చేతుల మీదే ఉండేది. ఒకరోజు తీగముక్కలు కొన్ని ఇంటికి తెచ్చి, నేర్పమని భర్తను అడిగింది. అల్తాఫ్ ఆ ముక్కలను పక్కకు నెట్టి లేచి వెళ్లాడు. పోయిన చేతిని ఆమె మళ్లీ గుర్తుచేసిందని బాధపడ్డాడో ఏమో, ఆ వారమంతా ముభావంగా తిరిగాడు. తర్వాత ఒక ఆదివారం రెండు కందికట్టెలు అడ్డంగా పెట్టి తనే పిలిచాడు. చేత్తో చూపించలేడు కాబట్టి అంతా నోటితోనే చెప్పాలి.

"తీగను గుంజొద్దు, తిప్పు. అదే బిగుసుకుంటాది. శానా తిప్పితే తెగుతాది."

"యాడ ఆపాల్నో ఎట్ల తెలుస్తాది?" అని ఆమె అడిగింది.

"చేతికి తెలుస్తాది," అన్నాడు. కుడి మణికట్టు తడుముకుని, "నాకు తెలిసేది," అన్నాడు.

నేర్చుకున్నాక ఆమె అక్కడ కమ్మీల ముఠాను నడిపే మల్లప్ప మేస్త్రీని ఆ పని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. మల్లప్ప చెడ్డవాడు కాదు. అల్తాఫ్ పడిన రోజు భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఆయనే. ఆ ఇంట్లో ఇంకొకరు పడితే చూడలేనని చౌడక్కతో అన్నాడట. మెహరున్నీసా ఆయనను మళ్లీ అడగలేదు. తట్టలు మోస్తూనే, అన్నాల వేళ చౌడక్కకూ మరికొందరు ఆడవాళ్లకూ ముడి నేర్పింది.

ఒక ఏడు జులైలో వాన బాగా పడింది. కమ్మీలు కట్టేవాళ్లందరూ కొత్తచెరువు, రామగిరి పక్క పల్లెల రైతులే. నేల తడిసిందని తెలిసి శెనక్కాయ విత్తడానికి ఊళ్లకు వెళ్లిపోయారు. వానలకు మాత్రమే పారే ఒక వంక మీద వంతెన స్లాబుకు కమ్మీలు సగం కట్టి పని ఆగింది. దాని కింద ఊతంగా పెట్టిన దుంగలన్నీ వంకలోనే నిలబడి ఉన్నాయి. కాంక్రీటు పోసి అది గట్టిపడేలోపు వంక పారిందంటే అంతా కొట్టుకుపోతుంది. మల్లప్ప తల పట్టుకుని కూర్చున్నాడు.

మెహరున్నీసా దగ్గరికి వెళ్లింది. "అన్నా, ఆ పొద్దు ఆయప్పను మోసుకొచ్చింది నువ్వే. నీకుండే భయం నాకూ ఉండాది. అయినా నేర్చుకున్నా. నా ముడి సూసి సెప్పు."

మల్లప్ప కొక్కెం ఇచ్చాడు. ఆమె ఒక వరస కట్టింది. ఆయన వంగి ఒక్కో ముడిని వేలితో లాగి చూశాడు. బాగుందని అనలేదు. ఈ ముడి ఇంకా ఎంతమందికి వచ్చని అడిగాడు.

ఎండకు కమ్మీలు కాలుతుంటే అరికాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని ఆ ఆడవాళ్లు స్లాబంతా కట్టారు. ఇంజనీరు వచ్చి చూసి, అంచున ఒకచోట తొక్కిడికి కమ్మీలు పక్కకు జరిగాయని, ఆ భాగం విప్పి కట్టమన్నాడు. తప్పు నిజమే. చౌడక్క సణిగింది. మెహరున్నీసా మొహం ఎర్రబడింది గానీ ఆ అంచున కూర్చుని ముందుగా తను కట్టినవే విప్పింది. అది చూసి మిగతావాళ్లూ వంగారు. మర్నాడే కాంక్రీటు పడింది. అది బాగా గట్టిపడి, కింద దుంగలు తీసేశాక వంకకు ఎర్రనీళ్లు వచ్చాయి.

అల్తాఫ్ ఆ వంతెన చూస్తానన్నాడు. ధర్మవరం నాటినుంచి ఏ వంతెనా ఎక్కనివాడు, ఆ రోజు దాని నడిమధ్య దాకా నడిచి నిలబడ్డాడు. ముడులన్నీ కాంక్రీటు లోపలే ఉంటే ఏం చూస్తావని ఆమె అడిగింది.

"నీళ్లు పోయేది సూస్తాండా," అన్నాడు.

తర్వాత మల్లప్పే ఆమెను మేస్త్రీ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ల ముఠా పెరిగింది. పిల్లలిద్దరి చదువులూ ఆగలేదు.

రెండువేల ఏడులో ధర్మవరం దగ్గర రైలు పట్టాల మీదుగా వేసే వంతెనకు ఆమె ముఠా కమ్మీలు కడుతుంటే చూడటానికి వెళ్లాను. రేకుల షెడ్డు కింద అల్తాఫ్ కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు ముడి నేర్పుతున్నాడు. మెహరున్నీసా ఎత్తున కమ్మీల నడుమ ఉంది. నన్ను చూసి, నీడలో కూర్చోమని చేయి చూపించి, మళ్లీ పనిలోకి వంగింది.