ఎడమచేతి కాజాలు

బడిలో నాకు వంటబట్టిన విద్య ఒక్కటే, కూర్చునే నిద్రపోవడం. అందులో నన్ను మించినవాడు లేడని రుజువయ్యాక ఆరో తరగతితో చదువు ఆపేశాను. ఇక దెయ్యాలంటారా, వాటిని నమ్మాలంటే ముందు రాత్రిపూట మెలకువగా ఉండాలి. నాకా అవకాశం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు చెప్పేది కూడా పట్టపగలు, నర్సీపట్నం బజారులో, నా టైలరు షాపులో జరిగింది.

మా చర్చిలో పాస్టరు గారు ఆరాధనకు వేసుకునే తెల్ల అంగీ మా ఇంట్లోనే కుట్టాలి. తాత నాటి నుంచి అదే ఆనవాయితీ. దాని కాజాలు, అంటే గుండీలు దూరే చీలికలు, మిషను మీద కాకుండా చేత్తోనే తీయాలి. మా నాన్నది ఎడమచేతివాటం. ఆయన కుట్టు ఎడమకు ఒరిగి, చివర ఒక చిన్న ముడితో ఆగేది. ఆ ముడి చూసి ఎవరి పనో పక్క మండలం రావికమతంలో కూడా చెప్పేసేవారు. ఎంత తంటాలు పడ్డా నాకది పట్టుబడలేదు. నా కాజాలు ఎలుక కొరికినట్టుంటాయి.

నాన్న పోయాక కొత్త పాస్టరు గారు వచ్చారు. ఈసారి విశాఖలో రెడీమేడ్ అంగీ కొందామన్నారు సంఘపెద్ద శామ్యూలు గారు. నాకు రోషం వచ్చి, నేనే కుడతానని అందరి ముందూ అనేశాను.

"సరేనోయ్, శనివారం సాయంత్రానికి తే. కాజాలు మీ నాన్నవిలాగ లేకపోతే మరింక ఆ పని మీ ఇంటికి రాదు" అన్నారాయన.

శనివారం మధ్యాహ్నానికి కాజాలు తప్ప అంతా అయింది. పాత గుడ్డ మీద తీసి చూశాను. ఎలుక మళ్లీ కొరికింది. విసుగొచ్చి, అన్నం తిని, అంగీని మిషను మీదే వదిలేసి షాపులో చాప మీద నడుం వాల్చాను.

లేచేసరికి ఎండ తగ్గింది. అంగీ నా పక్కన మడతపెట్టి ఉంది. కాజాలన్నీ తీసి ఉన్నాయి. కుట్టు ఎడమకు ఒరిగింది. చివర ముడి. నా కుడిచేతి వేళ్ల మీద సూదిపోట్లు. నాది కుడిచేతివాటం, పోట్లు పడితే ఎడమ వేళ్లకే పడాలి.

మా ఆవిడ కరుణ టీ తెచ్చి చూసిందట. నేను కూర్చుని ఎడమచేత్తో కుడుతున్నానట. కళ్లు తెరిచే ఉన్నా, పిలిస్తే పలకలేదట. పని ధ్యాసలో ఉన్నాననుకుని గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది. ఆ టీ అలాగే చల్లారిపోయి ఉంది.

శామ్యూలు గారు కళ్లజోడు పెట్టుకుని, ఆ ముడిని బొటనవేలితో చాలాసేపు తడిమారు. "ఇది మీ నాన్న సెయ్యే" అన్నారు. మర్నాడు ఆ అంగీలో పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే నేను ముందు వరసలో కూర్చుని చివరిదాకా మెలకువగా ఉన్నాను. మా సంఘంలో అలా జరగడం అదే మొదటిసారి.

తర్వాత కరుణ పోరు పడలేక డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ముందు కునుకు, ఆపైన తేలిక నిద్ర, తర్వాత గాఢనిద్ర, ఆ తర్వాత కలల నిద్ర అని విడమరిచి చెప్పారు. కలలప్పుడు ఒళ్లు కదలదట. నిద్రలో నడిచేవాళ్లు గాఢనిద్రలోంచే సగం లేస్తారట, అలవాటైన పనులు చేసేస్తారట. భయం లేదు గానీ కత్తెర దాచి పడుకోమన్నారు.

మరి అలవాటు లేని చేత్తో, రాని పని ఎలా వచ్చిందన్నాను. చిన్నప్పటి నుంచి చూసిన పనే కదా అన్నారు. చూస్తే వచ్చేదైతే మెలకువలో ఎందుకు రాదో నాకిప్పటికీ అంతుపట్టలేదు. నాన్న చెయ్యి మా ఇంట్లోనే ఉందన్నది మాత్రం తెలిసింది. అది చాలు నాకు.

మొన్న శామ్యూలు గారు కోటు గుడ్డ పట్టుకొచ్చారు. సంగతంతా చెప్పి, అంత పనితనం నా ఒంట్లోనే దాక్కుందని గొప్పలు పోయాను. ఆయన గుడ్డ బల్ల మీద పెట్టి, చాప వైపు చూపించారు.

"మరైతే నువ్వు సూది ముట్టుకోకు. బేగి అన్నం తినేసి తొంగో."