మూడో పిలుపు

మొహం కనపడకుండా ఎవరైనా పిలిస్తే మొదటిసారి పలకకూడదు. రెండోసారీ పలకకూడదు. మూడోసారి కూడా పిలిస్తే అప్పుడు పలకాలి. మనుషులైతే మూడోసారి పిలుస్తారు, మనిషి కానిదానికి మూడో పిలుపు చేతకాదు. మా అమ్మ నాకు అన్నం కలుపుకోవడం నేర్పిన రోజుల్లోనే ఇదీ నేర్పింది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక నల్లరేగడి ఊరు. ఎటు చూసినా పత్తి, కాదంటే మిరప. పత్తి ఛాతీ ఎత్తు పెరిగాక, చేలో వంగి పనిచేసే ఆడకూలీలు ఒకరికొకరు కనపడరు. గాజుల చప్పుడు, దగ్గు, మాట మాత్రం వినపడతాయి. అలాంటి చోట పుట్టిన కట్టుబాటు ఇది. అమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తుంది. ఇలాంటివి నమ్మకూడదని పాస్టరుగారు చెబితే బుద్ధిగా తల ఊపి వచ్చేది. ఇంటికొచ్చాక మాత్రం, దొడ్లోంచి నేను పిలిస్తే మూడోసారికి గానీ పలికేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

"నేనేనమ్మా! నా గొంతు కూడా తెలీదా నీకు?" అని అరిచేదాన్ని.

"గొంతుదేముందే, అది ఎవరి గొంతైనా తెచ్చుకుంటుంది" అనేది అమ్మ.

ఆ మాట విన్నాక చాలాకాలం నాకు దొడ్లోకి ఒంటరిగా వెళ్లాలంటే భయం వేసేది.

డిగ్రీ అయ్యాక, గుంటూరు వెళ్లే దారిలో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం దొరికింది. కొనేవాళ్లు వచ్చినప్పుడు నేను లోపలికి వెళ్లి, వాళ్లు అడిగిన బస్తా కుట్టును ఇనుప కొక్కెంతో విప్పి, గుప్పెడు కాయలు తెచ్చి చూపించాలి. లోపల అంటే చాంబర్. కిటికీ అన్నది లేని గది, సినిమా హాలంత ఎత్తు. చెక్క అటకల మీద కప్పు దాకా బస్తాలు, వాటి మధ్య ఒక మనిషి పట్టే సందులు. బయట మాడు పగిలే ఎండ, లోపల పళ్లు కొట్టుకునే చలి. లైటు స్విచ్చి తలుపు బయట ఉంటుంది. లోపల చిక్కుకుపోతే మోగించడానికి ఒక బెల్లు ఉంది గానీ, అది మోగగా నేనెప్పుడూ వినలేదు.

ఆ చాంబర్‌లో నాకు ఎప్పుడూ నచ్చనిది చలీ కాదు, ఘాటూ కాదు. అక్కడ మాట నిలవదు. బస్తాలు పీల్చేసుకుంటాయి. నాలుగు వరసల అవతల ఎవరైనా అరిచినా, పక్కింట్లో ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుంది. పైగా ఘాటుకు అందరం మూతికి గుడ్డ కట్టుకుంటాం. దాంతో ఏ గొంతు ఎవరిదో పోల్చుకోవడం కష్టం.

తలుపు మూసేముందు ముఠా మేస్త్రి గుమ్మంలో నిలబడి, "ఓ... లోపలెవరన్నా ఉన్నారా?" అని కేకేసేవాడు. కాస్త ఆగి మళ్లీ. ఇంకాస్త ఆగి ఇంకోసారి. మూడో కేకకు లోపలున్నవాళ్లం పలికేవాళ్లం. ఎందుకలా అని ఆయన మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. అందరం ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లమే, అందరికీ ఒక అమ్మో అమ్మమ్మో ఉంది.

ఆ వేసవిలో మాకు కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, మంచివాడే. అతను వచ్చిన కొద్ది రోజులకే యాజమాన్యం మా అందరికీ కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు పెట్టించింది. షెడ్డులో కుర్చీలు వేసి, సమోసాలు పంచి, టై కట్టుకున్న ఒకాయన చేత చెప్పించారు. చెప్పేది ఒక్కసారే, స్పష్టంగా చెప్పాలట. విన్నవాళ్లు వెంటనే బదులివ్వాలట. పనిలోనైనా ఇంట్లోనైనా సగం గొడవలు ఇది చేతకాకే వస్తాయట. హమాలీలు సమోసాలు తింటూ చప్పట్లు కొట్టారు. నేను వెనక కూర్చుని నవ్వుకున్నాను గానీ, ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

మర్నాడు సూపర్‌వైజర్ మేస్త్రిని ఆపాడు.

"మూడేసిసార్లు కేకలెందుకు మేస్త్రీ? ఒక్కసారి గట్టిగా అడిగితే చాలదా?"

"సరేనండి" అన్నాడు మేస్త్రి.

మేమూ "సరేనండి" అన్నాం. మా వైపు ఆ మాటకు విన్నాం అని మాత్రమే అర్థం. సార్, మేం మొదటి పిలుపుకు పలకం, మాకు భయం అని చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు. చదువుకున్న మనిషి ముందు దెయ్యాల కబుర్లేంటని సిగ్గు. కమ్యూనికేషన్ క్లాసు సర్టిఫికెట్లు మాత్రం అందరం జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్లాం.

ఆ శనివారం మధ్యాహ్నం హమాలీలు ఆటోలెక్కి వెళ్లిపోయారు. ఎవరో పెళ్లి ఉందని మేస్త్రి పొద్దున్నే సెలవు పెట్టాడు. సోమవారం వచ్చేవాళ్లకు చూపించాల్సిన చివరి శాంపిల్ కోసం నేను చాంబర్ వెనక వరసలో, పై అటక మీద ఉన్నాను. ఫోను ఆఫీసులో చార్జింగ్ పెట్టి వచ్చాను. కుట్టు విప్పుతుంటే వినపడింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

ఒక్కసారి. గట్టిగా, స్పష్టంగా, ఎలా అడగాలని నేర్పారో అలాగే అడిగాడు సూపర్‌వైజర్.

నేను పలకలేదు. దెయ్యమని అనుకుని కాదు. అసలేమీ అనుకోలేదు. నోరు దానంతటదే ఆగింది. ఇంకో రెండు పిలుపులు ఉన్నాయి కదా అని చేతులు కుట్టు మీదే ఉన్నాయి. అంతలో లైటు పోయింది. తలుపు మూసుకున్న చప్పుడు చెవులకు కాదు, పాదాలకు తెలిసింది.

అప్పుడు అరిచాను. గుడ్డ లాగేసి, గొంతు చిరిగేలా అరిచాను. ఘాటు లోపలికి దూరి దగ్గు కమ్మేసింది. అటక మీంచి ఎలా దిగానో తెలియదు. మర్నాడు సెలవు. ఈ రాత్రికి ఒంగోలులో స్నేహితురాలింట్లో ఉంటానని అమ్మతో చెప్పి వచ్చాను, కాబట్టి నా కోసం ఎవరూ వెతకరు. సోమవారం దాకా ఈ చలిలో ఉంటే తలుపు తీసేసరికి నేను మిగలను. ఆ సంగతి చాలా తేలిగ్గా అర్థమైంది.

తలుపు ఎటుందో తెలియలేదు. రోజూ తిరిగే సందులే, చీకట్లో మాత్రం అన్నీ ఒకలాగే చేతికి తగులుతున్నాయి. బస్తా, బస్తా, చెక్క, మళ్లీ బస్తా. వేళ్లు మొద్దుబారాయి. నా అరుపు నాకే సరిగ్గా వినపడటం లేదు. చివరికి ఒక మూల కూలబడి, కొక్కేన్ని ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లలో తల పెట్టుకున్నాను.

"అక్కా..."

ఎవరో ఆడమనిషి. నీరసంగా, దూరంగా, కుడిచేతి వైపు నుంచి.

ఆడవాళ్లెవరూ లేరు లోపల. ఆ పూట ఆడకూలీలు పనికే రాలేదు. నేను ఊపిరి బిగబట్టాను.

"అక్కా..."

ఇది రెండోది. మూడోదాని కోసం ఎదురుచూశాను. అది రాలేదు. ఎంతసేపు చూశానో చెప్పలేను. మిషన్ల హోరు తప్ప ఏమీ లేదు. మనిషైతే మూడోసారి పిలవాలి. పిలవలేదంటే మనిషి కాదు. మనిషి కానిదానికి పలికితే ఏమవుతుందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. పలకకపోతే ఏమవుతుందో మాత్రం నా కాళ్లు చెబుతున్నాయి, అవి అప్పటికే నావి కానట్టున్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే చెప్పలేనంత కోపమొచ్చింది. ఎవరైతే ఏంటి?

"ఓయ్! ఇక్కడున్నాను! వస్తున్నాను!" అని అరిచి, ఆ గొంతు వచ్చిన వైపు పాకుతూ వెళ్లాను. చేతికి చల్లటి ఇనుము తగిలింది. అది తలుపు. పక్కనున్న బెల్లు నొక్కితే మోగలేదు. కొక్కెంతో పిచ్చిదానిలా బాదాను.

తలుపు తెరుచుకుంది. ఎండ కళ్లలో గుచ్చుకుంది. ఎదురుగా సూపర్‌వైజర్, చేతిలో తాళంకప్ప. తాళం వేయడం మర్చిపోయి బస్టాండు నుంచి వెనక్కి వచ్చాడట.

"మేడం! నేను పిలిచాను కదా, మీరు పలకలేదు!" నన్ను చెయ్యి పట్టి ఎండలోకి లాగాడు.

"అక్కా అని పిలిచిందెవరు?"

"ఎవరూ లేరు మేడం. నేనొక్కడినే. నేను మిమ్మల్ని అక్కా అననుగా."

నేను ఒంగోలు వెళ్లలేదు. బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. పొద్దు వాలుతోంది. అమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను ఒళ్లంతా తడిమి చూసి, వేడినీళ్లు పెట్టడానికి లేవబోయి ఆగింది.

"ఏమని పిలిచింది?"

"అక్కా అని. రెండుసార్లు."

"మూడోసారి?"

"లేదు. రెండోదానికే పలికాను."

అమ్మ మళ్లీ కూర్చుంది. చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

మా పిన్ని నేను పుట్టకముందే ఎండదెబ్బ తగిలి పోయిందని చిన్నప్పటి నుంచి విన్నాను. అది నిజం కాదని ఆ సాయంత్రం తెలిసింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పత్తికి మందు కొట్టేచోట నీళ్లు మోస్తున్నారు. పత్తి ఎత్తుగా ఉంది. అమ్మ ఒక వరసలో, పిన్ని ఎక్కడో పక్క వరసల్లో. అక్కా అని వినపడింది. మళ్లీ అక్కా అని వినపడింది. అమ్మ బిందె దించకుండా, మూడో పిలుపు కోసం నిలబడింది.

"మా అమ్మ చెప్పినట్టే నిలబడ్డానే. మంచి కూతుర్ని కదా" అంది అమ్మ. తనను తాను ఎత్తిపొడుచుకోవడం ఆమె నోట నేను మొదటిసారి విన్నాను. "సాళ్ల మధ్య పడిపోయి ఉంది. మందు గాలి పీల్చింది. మూడోసారి పిలిచే ఓపిక లేదే దానికి."

"మరి నాకెందుకు నేర్పావమ్మా ఇది?"

అమ్మ చేతిలో కాయకు తొడిమ తీసి పక్కన పెట్టింది.

"అది అబద్ధమైతే నేను చేసిందేంటే మరి?" అంది.

నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు. ఇంత మాట ఇన్నేళ్లు ఒక్కతే ఎలా మోసిందా అనిపించింది. మా ఇంటి వెనకే చేలు మొదలవుతాయి. పత్తి తీసేసినా ఎండిన కట్టె ఇంకా పీకలేదు. గాలికి గలగలమంటోంది. అమ్మ లేచి గట్టు దాకా నడిచింది. నేను వెనకే వెళ్లాను. ఆమె చేలోకి చూస్తూ, నోటికి అటూ ఇటూ రెండు చేతులూ పెట్టి, "ఓయ్! ఇక్కడే ఉన్నానే!" అని కేకేసింది. గాలి ఆగింది. కట్టె చప్పుడు కూడా ఆగింది. మేమిద్దరం చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాం.

సోమవారం నేను సూపర్‌వైజర్‌కు మా మూడు పిలుపుల సంగతంతా చెప్పాను. అతను నవ్వలేదు. నాకు ముందే చెప్పొచ్చుగా మేడం అన్నాడు, మీరు అడగొచ్చుగా సార్ అన్నాను. ఇప్పుడు బెల్లు మోగుతుంది. తలుపు మూసే మనిషి లోపలంతా తిరిగి వచ్చాకే మూస్తాడు. మేం కూడా మొదటి పిలుపుకే పలకడం నేర్చుకుంటున్నాం, మేస్త్రికి మాత్రం ఇంకా నోరు పెగలదు.

అమ్మ ఇప్పుడు ఎవరు పిలిచినా మొదటిసారికే పలుకుతుంది. కూరగాయలవాడు వీధి చివర కేకేసినా పలుకుతుంది. అప్పుడప్పుడు, ఇంట్లో మేమిద్దరమే ఉండగా, ఎవరూ పిలవకుండానే చేల వైపు తిరిగి "ఓయ్" అంటుంది. ఎవరు పిలిచారని నేను అడగను.