బొల్లావు తల్లి వరస

దీవి ఆవుల పుట్టుక వెతుక్కుంటూ పాతపాళ్య అనే పల్లె దాకా వెళ్ళాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. అప్పట్లో బెంగళూరులో పశువుల జన్యువులను పరీక్షించే ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. హిందూ మహాసముద్రంలోని ఒక దీవి నుంచి అక్కడి పొట్టి ఆవుల తోక వెంట్రుకలు మాకు వచ్చాయి. ఆ ఆవుల పూర్వీకులను పాతకాలంలో మన వైపు నుంచే ఓడల మీద తీసుకెళ్ళారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారట. మన వైపు అంటే ఎక్కడ? అది వెతకాలంటే దక్షిణాది నాటావుల వెంట్రుకలు కావాలి. వెంట్రుక కుదురులో తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే జన్యుపదార్థం ఒకటుంటుంది. ఎద్దు ఏదైనా అది మారదు. నాది అనంతపురం జిల్లా, సరిహద్దు పల్లెల తెలుగు వచ్చు కనక మా మేడం చిక్కబళ్ళాపురం వైపు ఊళ్ళను నాకు అప్పగించారు.

2003 వేసవి. వానలు మొహం చాటేసిన కాలం. పొద్దున ఆరు గంటల బస్సెక్కి ఏడున్నరకు చిక్కబళ్ళాపురంలో దిగాను. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిని, ముందే మాట్లాడుకున్న పశువైద్యుణ్ణి కలిశాను. నా సంచిలోని పట్టకారు, కాగితం కవర్లు చూసి ఆయన నవ్వారు.

“ఈ ఊరి చుట్టూ అన్నీ సీమావులేనమ్మా. డైరీకి పాలు పోయాల కదా. నాటావులు కావాలంటే బాగేపల్లి అవతల, నీళ్ళు లేని ఊర్లకు పోండి.”

ఎనిమిదింటికి బాగేపల్లి బస్సు దొరికింది. ద్రాక్ష పందిళ్ళు అయిపోయాక రాతిగుట్టలు మొదలయ్యాయి. తొమ్మిదికి బాగేపల్లి. ఈ దారిలో వెళ్ళేవారికి ఒక మాట: అవతలున్న పాతపాళ్యకు బస్సులు తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి. నా అదృష్టం కొద్దీ తొమ్మిదీ నలభైకి ఒకటి కదిలింది.

నా పక్కన అరవై దాటిన ఒకామె కూర్చుంది. పేరు నరసమ్మ. కళ్ళు చూపించుకోవడానికి ముందురోజు బాగేపల్లి వచ్చి, చెల్లెలింట్లో పడుకుని, చుక్కల మందు సీసా చేతిలో పెట్టుకుని ఇంటికి పోతోంది. నేను ఎందుకు వచ్చానో చెబితే ఆశ్చర్యపోలేదు.

“ఆవు తల్లి ఎవురో తెల్సుకునేకి వెంట్రుక ఏమిటికమ్మా? నన్నడుగు, చెప్తా. మా బొల్లి తల్లి కర్రావు. దాని తల్లి మైలావు. మైలావు తల్లి చుక్కావు. దాన్ని మాయమ్మ నాగరగెరె నుంచి తోలుకోనొచ్చింది, పుట్టింటికి పోయి వచ్చేటప్పుడు. మా కొడుకు పుట్టినప్పుడు మాయమ్మ మైలావును నాకిచ్చింది.”

బస్సు కుదుపుల్లోనే నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. నాలుగు తరాలు, ఒక్కటీ తడుముకోకుండా చెప్పింది. యజమానులు ఆవు తల్లి పేరైనా గుర్తుంచుకోవడం నేను అంతవరకు చూడలేదు.

“అంత దూరం నీళ్ళ మీద పోయినాయా పాపం!” అంది దీవి సంగతి గుర్తొచ్చి. “ఆ దీవిలో కసువు ఉండాదా?”

వానలు బాగా పడే చోటని విన్నాను, గడ్డికి కొదవ ఉండదని చెప్పాను. “అయితే బాగుండాయిలే” అని కళ్ళు మూసుకుంది.

పావు తక్కువ పదకొండుకు పాతపాళ్యలో దిగి, ఆమె వెంట ఇంటికి నడిచాను. ఇంటి ముందర గుంజ ఉంది, ఆవు లేదు. కోడలు లక్ష్మి తలుపు దగ్గరే నిలబడి తల వంచుకుంది.

“తెల్లారకముందే నీ కొడుకు బొల్లిని టెంపోలో ఎక్కించుకోని చింతామణి సంతకు పోయినాడత్తా. నేను వద్దన్యా, ఇన్ల్యా.”

నరసమ్మ గుంజ దగ్గరికి వెళ్ళి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని నిలబడింది. నేను సంచి భుజం మార్చుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి, “చేలూరు మీదుగా చింతామణికి బస్సుండాది. నువ్వూ వస్తావామ్మా?” అంది. లక్ష్మి గబగబా రెండు చెంబులు మజ్జిగ ఇచ్చింది. నరసమ్మ తాగలేదు.

చేలూరులో బస్సు మారాం. దారిపొడుగునా చెరువులు ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి. “సంతకు పోయేవాళ్ళా? ఈపాటికి లేచిపోతా ఉంటాది” అన్నాడు కండక్టరు, మొదట కన్నడంలో, ఆమె మొహం చూసి మళ్ళీ తెలుగులో. ఆమె ముందు సీటు కడ్డీని పట్టుకుని, చింతామణి వచ్చేదాకా వదల్లేదు. దేవుడా, ఆ ఆవు అక్కడే ఉండాలి అని నేనూ మొక్కుకున్నాను. కేవలం వెంట్రుకల కోసమే మొక్కుకున్నానని అనలేను.

ఒంటిగంటకు దిగి ఆటోలో సంత మైదానానికి వెళ్ళాం. సగం ఖాళీ అయ్యింది. నుదుట తెల్ల మచ్చతో, మేకకంటే కొంచెం పెద్దదా అనిపించే గోధుమరంగు ఆవును ఆమె దూరం నుంచే పోల్చుకుంది. పక్కన ఆమె కొడుకు వెంకటేశు. ఒక దళారి, ధర పక్కవాళ్ళకు తెలియకుండా, తువ్వాలు కింద అతని వేళ్ళు పట్టుకుని బేరం ఆడుతున్నాడు.

“అమ్మా! నువ్వేమిటికి వచ్చినావు?” అన్నాడు వెంకటేశు. ముప్పై ఏళ్ళవాడు, చిన్నపిల్లాడిలా బెదిరిపోయాడు. “కసువు లేదమ్మా. బోరెండిపాయ. నువ్వు నీ కూట్లో సగం దానికి పెడ్తాండావు. రెండు నెల్ల నుంచి చూస్తాండా. చూడలేకనే తోలుకొచ్చినా.”

నరసమ్మ ఆవు నుదుటి మచ్చ మీద చెయ్యి వేసింది. ఆమె మణికట్లు ఎందుకంత సన్నగా ఉన్నాయో నాకు అప్పుడు అర్థమైంది.

“అమ్మొద్దంటానని అనుకుంటివా?” అంది. “కసువు లేదని నాకు తెల్దా? చెప్పకుండా తోలుకొచ్చినావే, అదిరా నాకు నొప్పి.”

“తొందరగా తేల్చండి, లారీ బయల్దేర్తాంది” అన్నాడు దళారి.

“లారీ యాడికి పోతాదప్పా?”

కోతకు పోయే లారీ అని అతడు చూపు తిప్పుకోవడంలోనే తెలిసిపోయింది. నరసమ్మ కొడుకు చేతిని తువ్వాలు కింది నుంచి బయటికి లాగేసింది. దళారి ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత ఆమె ఆవును పట్టుకుని, మిగిలిన జనం మధ్య నడిచింది. ధర అడిగినవాళ్ళందరినీ నీళ్ళు, మేత ఉన్నాయా అని తనే తిరిగి అడిగింది. ఒకాయన మాటలు నచ్చక ముందుకు కదిలింది. ఇంకొకాయన ఆవు తోకను మెలిపెట్టి చూడబోతే చెయ్యి కొట్టేసింది. మధ్యాహ్నం రెండు దాటింది. వెంకటేశు వెనకే నడిచాడు.

చివరికి రత్నమ్మ అనే ఆమె ఎదురైంది. చింతామణి పక్క ఊళ్ళో మల్బరీ తోట ఉన్న రైతు భార్య. సీమావును మేపే శక్తి లేదని, ఇంట్లో పిల్లలకు పాలిచ్చే చిన్న ఆవు చాలని వచ్చింది.

“నీళ్ళుండాయా?”

“మా బోరు ఇంకా పోస్తాందమ్మా.”

“దూడకు పితక్కుండా ఎన్ని చన్నులు విడుస్తారు?”

“రెండు. దూడ బాగుంటేనే కదా ఆవు బాగుండేది.”

నరసమ్మ అక్కడ ఆగింది. ధర సంగతి కొడుక్కు వదిలేసి, రత్నమ్మను పక్కకు పిలిచి, బొల్లి, కర్రావు, మైలావు, చుక్కావు అని చెప్పి, ఆమెతో మళ్ళీ చెప్పించింది. రత్నమ్మ మైలావు దగ్గర తప్పితే దిద్దింది. “పెయ్యను ఇమ్మని అడగనులేమ్మా. పుడితే చెప్పంపు, అంతే.”

ఆ సమయంలో నా పని గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే పిలిచింది. “ఏమ్మా, వెంట్రుకలు వద్దా?” పట్టకారు తోకకు తగలగానే బొల్లి పక్కకు జరిగింది. నరసమ్మ దాని మెడ నిమురుతూ నిలబెట్టింది. కుదుళ్ళతో సహా కొన్ని వెంట్రుకలు పెరికి కవరులో వేశాను.

అమ్మినవాళ్ళు పలుపు ఇవ్వకూడదని ఆనవాయితీ. రత్నమ్మ కొత్త పలుపు కట్టాక, నరసమ్మ పాతదాన్ని విప్పి, చుట్ట చుట్టి మందు సీసాతో పాటు సంచిలో పెట్టుకుంది. ఆవు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి అరిచింది. వెంకటేశు మొహం తిప్పుకున్నాడు. నరసమ్మ మాత్రం అది కనుమరుగయ్యేదాకా చూసింది.

మూడింటికి బస్టాండు ఎదుటి హోటల్లో ముగ్గురం రాగిముద్ద తిన్నాం. ఆమె సగం ముద్ద విడదీసి విస్తరి అంచుకు జరిపింది.

“తినమ్మా. ఇంక ఎవురికని?” అన్నాడు కొడుకు మెల్లగా.

ఆమె ఆ ముద్దను కాసేపు చూసి, ముక్క తుంచి, పులుసులో అద్దుకుని తినింది. పూర్తిగా తినేదాకా అతను తన విస్తరి ముట్టలేదు.

వాళ్ళను చేలూరు బస్సెక్కించి, నాలుగు గంటలకు హొసకోట మీదుగా పోయే బెంగళూరు బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. పరీక్ష ఫలితం తెలుసుకోవాలనుకునేవారికి ఇక్కడే చెప్పేస్తాను: బొల్లి తల్లి వరస, కొన్ని దీవి ఆవుల వరస ఒకే గుంపులో పడ్డాయి. అయితే ఆ గుంపు ఆవులు దక్షిణాదిలో చాలాచోట్ల ఉన్నాయి కనక, ఓడెక్కినవి ఈ పల్లెలవేనని చెప్పే వీలు లేదు. ఆ మాటే ఉత్తరం రాసి వెంకటేశుకు పంపాను.

కానీ ఆ సాయంత్రం నాకు ఫలితం తెలియదు. మోకాళ్ళ మీద కవరు పెట్టుకుని దానిమీది గళ్ళు నింపుతున్నాను. ఊరు, జాతి, రంగు, తల్లి. తల్లి గడిలో మూడు పేర్లు పట్టలేదు, చిన్న అక్షరాలతో ఇరికించాను. తర్వాత యజమాని అనే గడి దగ్గర పెన్ను ఆగింది. ఇన్నాళ్ళూ దీవికి ఆవులెలా చేరాయని ఎవరైనా అడిగితే ఓడల గురించి, వ్యాపారుల గురించి చెప్పేదాన్ని. తమ ఆవును అప్పగించడానికి రేవు దాకా వచ్చి వెనక్కి నడిచిపోయినవాళ్ళు కూడా ఉండి ఉంటారని ఎప్పుడూ తట్టలేదు. వాళ్ళ పేర్లు ఏ వెంట్రుకలోనూ దొరకవు. బస్సు కుదుపు తగ్గాక నరసమ్మ అని రాసి, కింద రత్నమ్మ అని రాసి, కవరు అంటించాను.