బంద్ నాడు నేను కొట్టిన తెల్ల బంతి

మొన్న బంద్ నాడు హైటెక్ సిటీలో ఓ ఆఫీసు మీద రాళ్ళు పడ్డాయని మీరూ వినే ఉంటారు. అబద్ధమండీ బాబూ! రాళ్ళు కాదు, ఒక్కటే బంతి. కొట్టింది నేనే!

ఆ రోజు బస్సుల్లేవు, ఆటోల్లేవు. మణికొండ నుంచి నడిచి ఆఫీసుకెళ్తే మా ఫ్లోరంతా ఖాళీ. ఉన్నది ముగ్గురం. మా మేనేజర్ మూర్తి గారు, నేను, రజిత. రజితది కరీంనగర్, మాది కాకినాడ. ఒకే బాక్సులో తినేవాళ్ళం. ప్రత్యేక రాష్ట్రం సంగతి మీద ఓసారి క్యాంటీన్లో మాటామాటా అనుకున్నాక హాయ్, బై తప్ప ఇంకేం లేదు.

మూర్తి గారు చికాగో క్లయింట్ కాల్ ఉందని మీటింగ్ రూమ్‌లోకి వెళ్ళిపోయారు. ఇద్దరం ఎంతసేపని మానిటర్లు చూస్తూ కూర్చుంటాం? చివరికి తనే లేచింది.

"పూల్ ఆడుదామా?"

"నాకు రాదు."

"నేర్పిస్త, రా."

పూల్ టేబుల్ మీటింగ్ రూమ్‌ని ఆనుకునే ఉంటుంది. మధ్యలో గాజు తలుపు, అంతే. నేను వెళ్ళగానే ఎర్ర పిడి ఉన్న స్టిక్ తీసుకున్నాను. చూడ్డానికి భలే ఉందిలెండి!

"గది వద్దే! కొసకు తోలు అరిగింది, బంతి మీద జారుతది. గిట్ల టేబుల్ మీద దొర్లించి, వంకర లేనిది చూసి తీసుకో."

"నాకిదే నచ్చింది." కోపం ఇంకా పోలేదు మరి!

"ఇగ నీ ఇష్టం. ఓడినోళ్ళు అవతలోళ్ళ నినాదం ఇయ్యాలె. గొంతెత్తి!"

"సమైక్యాంధ్ర అనడానికి రెడీగా ఉండు!"

నేను ఎటు గురిపెడితే బంతి అటు తప్ప అన్ని వైపులా పోయింది. కానీ ఏం మాయో, ఎటు పోయినా ఏదో ఒక పాకెట్లో పడింది! రజిత నోరు తెరిచింది. చూస్తుండగానే నేను వేయాల్సింది నల్ల బంతి ఒక్కటే మిగిలింది. అదీ పాకెట్‌కి జానెడు దూరంలో. అది వేస్తే గెలిచినట్టే.

పాపం, అప్పుడు కూడా చెప్పింది. "నల్లదాని వెనక ఇంకో బంతి ఆనుకొని ఉన్నదనుకో. ఆ లేని బంతి జాగాలకే తెల్లదాన్ని పంపు."

"ఉన్న బంతికే దిక్కు లేదు, లేనిది ఎక్కడ వెతికేదే!"

ఒంగాను. ఓ కన్ను మూశాను. ఊపిరి బిగబట్టి ఒక్కటిచ్చాను. స్టిక్ జారింది! తెల్ల బంతి టేబుల్ దాటి ఎగిరి, నేల మీద ఓ గెంతు గెంతి, గాజు తలుపుకి తగిలింది. ధన్!

"నల్లదాని కాడ తెల్లది బయటపడితే ఓడినట్టే. ఓడిపోయినవ్! అను ఇగ!" రజిత ఎగిరి గంతేసింది.

ఆ కంగారులో నాకు తలుపూ గుర్తులేదు, మూర్తి గారూ గుర్తులేరు. "జై తెలంగాణ!" అని గట్టిగా అరిచేశాను.

లోపల స్పీకర్‌ఫోన్లో మూర్తి గారు అప్పుడే చెబుతున్నారట, సిటీ అంతా ప్రశాంతంగా ఉంది, వర్రీ అవ్వకండి అని. అవతల నుంచి వణుకుతున్న గొంతు మాకూ వినపడింది. "ఆర్ దే ఇన్‌సైడ్ ద బిల్డింగ్?"

"నో నో సర్! దట్ ఈజ్ అవర్ ఓన్ టీమ్!"

పాపం ఆయన ధైర్యం చెబుదామనే అన్నారు. కాల్ కట్!

మూర్తి గారు బయటికొచ్చేసరికి మేమిద్దరం టేబుల్ కింద ఉన్నాం. బంతి వెతుకుతున్నాం సర్ అన్నాను. నిజానికి ఒకరి నోరు ఒకరం మూసి నవ్వుకుంటున్నాం. ఆ మధ్యాహ్నం చాన్నాళ్ళకి మళ్ళీ ఒకే బాక్సులో తిన్నాం. "సమైక్యాంధ్రోళ్ళు ఇంత మంచిగ నినాదమిస్తరని నాకు తెల్వదే" అని తను అంటూనే ఉంది.

సాయంత్రానికి చికాగో నుంచి మెయిల్. మీ ఆఫీసు మీద రాళ్ళు పడ్డట్టున్నాయి, అందరూ జాగ్రత్త, వారమంతా ఇంటి నుంచే పని చేయండి, సాఫ్ట్‌వేర్ రిలీజ్ సంగతి తర్వాత చూద్దాం అని. మా టీమంతా ఫోన్లు చేసి థాంక్సే థాంక్సు!

చూశారా నా గురి? జానెడు దూరంలో ఉన్న పాకెట్‌కి తగల్లేదు గానీ, చికాగోకి మాత్రం కరెక్టుగా తగిలింది!