తొంభై దగ్గర తెగిన బేరం

కూరగాయల మార్కెట్లో వేలం వేసే ఆయన్ని అందరూ మైకు అంటారు. ఆయన చేతికి మైకిచ్చిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు, ఆ అవసరమే రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ గొంతే ఇంటికి అన్నం పెడుతోంది. చెప్పొద్దూ, ఆయన ఇంట్లో చెంచా అడిగినా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడతారు.

అలాంటి మనిషికి ఊపిరితిత్తి అంచున గడ్డ కనబడింది. చిన్న కన్నాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేస్తామన్నారు. దానికి ఆయన జంకలేదు. మత్తిచ్చాక గొంతులోంచి గొట్టం దించుతారని వినగానే మాత్రం నీరుగారిపోయాడు. తనలాగే వేలం వేసే స్నేహితుడికి ఆ గొట్టం వేశాక గొంతు బొంగురుపోయి, మళ్ళీ బాగుపడలేదట.

మత్తు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఈ గడ్డని గొట్టం లేకుండానే తియ్యొచ్చు. పక్కటెముకల దగ్గర మొద్దుబారేలా సూది వేసి, పైన కాస్త మగత ఇస్తారు. ఊపిరి ఆయనే తీసుకుంటాడు. కాకపోతే రక్తంలో ఆక్సిజన్ నూటికి తొంభై కంటే తగ్గి, ఎంతకీ పెరక్కపోతే గొట్టం వేయక తప్పదు.

అంకె చెవిన పడ్డాక ఊరుకునే మనిషా! ఎనభై దాకా ఆగమన్నాడు. కుదరదంది. పోనీ ఎనభై అయిదన్నాడు. పక్కన కూర్చున్న భార్యకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎనభై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ పెన్నుతో బల్ల మీద కొట్టింది.

“తొంభై. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఇక సంతకం పెట్టండి బాబాయ్ గారూ.”

తన విద్య తనకే అప్పజెప్పేసరికి ఆయన నోరెత్తకుండా సంతకం పెట్టాడు.

ఆపరేషన్ రోజు భార్య వరండాలో కూర్చుని, వచ్చేపోయే నర్సుల మొహాలు చూస్తూ రెండు గంటలు గడిపింది. గొంతు పోతే ఈ మనిషి ఏమైపోతాడోనని ఆవిడ బెంగ. చివరికి డాక్టరమ్మే బయటికొచ్చింది. గడ్డ తీసేశారట, గొట్టం వేయాల్సిన పని పడలేదట. ఆ మాట చెప్పి వెళ్ళిపోకుండా పక్కన కూర్చుంది. మధ్యలో ఒకసారి ఆక్సిజన్ ఎనభై తొమ్మిదికి దిగిందట. ఒక చేత్తో గొట్టం అందుకుని, ఇంకో చేత్తో మాస్కు అదుముతుంటే, ఆయన మగతలోనే కళ్ళు తెరిచాడట.

“‘వేసెయ్యమ్మా, గొంతు పోతే పోనీ. మా ఆవిడ బయట ఒక్కతే కూర్చుంది’ అన్నారు పిన్నిగారూ. రెండు నిమిషాల్లో మళ్ళీ తొంభై నాలుగుకి వచ్చేశారు.”

సాయంత్రానికి ఆయనకి ఇదేమీ గుర్తులేదు. ఎనభై తొమ్మిదిలో కూడా గొట్టం వేయలేదని నర్సు నోట విన్నాడంతే. మెల్లగా మాట్లాడమని ఎందరు చెప్పినా వినకుండా, మనం బేరం పెడితే డాక్టరైనా దిగి రావాల్సిందేనని వార్డంతా చాటాడు. ఆనక భార్య వైపు తిరిగాడు.

“చూశావా? ఒక్క అంకైనా దింపించాను.”

“మీదే గెలుపు లెండి” అంది ఆవిడ. అంతమంది ముందు ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గెలిచినందుకు ఏడుపెందుకో ఆయనకి అర్థం కాలేదు.